అత్తయ్య నింపిన డిస్కు

ఆదివారం అత్తగారింట్లో భోజనాలయ్యాక గిన్నెలు తోముతుంటే మా ఆయన క్రాసెన్ వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మ కంప్యూటర్ షాపుకి పట్టుకెళ్దాం. రేపు నువ్వే చూడు, నీకు ఓపికెక్కువ," అన్నాడు. పదకొండేళ్లుగా వింటున్న మాటే. రూసే ఊళ్ళో, కంప్యూటర్లలో పోయిన ఫైళ్లు వెనక్కి తెచ్చే షాపు మాది. బోర్డు మీద పేరు ఆయనది. జనం పాడైన డిస్కులు పట్టుకొచ్చి, ఫొటోలు దొరికాక ఆయన చెయ్యి పట్టుకుని ఏడుస్తారు. వెనకగదిలో మూడురోజులు కళ్ళు పొడుచుకుని కూర్చున్నదాన్ని నేనని ఒక్కరికీ తెలియదు. "బిస్త్రా కాఫీ భలే పెడుతుంది," అని మాత్రం నలుగురికీ పరిచయం చేస్తాడు.

ఈ గొడవకి మూలం మా మామయ్య గాంచో. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. అత్తయ్య స్తోయ్‌నా ఏం రాసినా, ఆఖరికి లూతెనిత్సా పచ్చడి సీసా మీద అంటించిన చీటీనైనా సరే, తప్పులు దిద్ది, భోజనాల బల్ల దగ్గర పైకి చదివి అందరినీ నవ్విస్తాడు. ఆవిడా నవ్వుతుంది, ఏం చేస్తుంది మరి. నాలుగేళ్లుగా ఆయన మధ్యాహ్నం కునుకు తీసే వేళ ఆవిడ ఏదో టైపు చేసుకుంటోంది. మొన్న ఆయన ముందే లేచి చూస్తే ఏమీ లేదు. "తీసేశాను," అందిట. అంతే, కొడుకు మీద పడ్డాడు. "డెబ్బై ఒకటొచ్చాయి, దీనికి దాపరికాలేమిట్రా? నా మీదే రాస్తోందేమో తేల్చు," అని.

అత్తయ్య నా పక్కనే నిలబడి పళ్ళేలు తుడుస్తూనే ఉంది. తీసేసి, కంప్యూటర్లో చెత్తబుట్ట ఖాళీ చేసినంత మాత్రాన ఫైలు పోదు. పేరే పోతుంది. ఆ చోట్లో ఇంకోటి వచ్చి కూర్చునేదాకా రాసిందంతా అక్కడే ఉంటుంది. మేం తినే తిండే దాని మీద. అయ్యో, ఈవిడ దొరికిపోయింది, అదీ నా చేతుల్లో, అనుకున్నాను.

సోమవారం డిస్కుని వెతకడానికి పెట్టాను. చెరిపేసిన ఫైళ్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అన్నిటికీ ఒకటే పేరు, "గాంచో డెబ్బై". ఒకటి తెరిస్తే మామయ్య! డెబ్బయ్యో పుట్టినరోజున గ్లాసు పట్టుకుని ఇరవై మూడు నిమిషాలు దంచిన ఉపన్యాసం. ఆ వీడియోని అత్తయ్య నూట నలభై రెండుసార్లు కాపీ చేసింది. ఇక చోటు లేదని కంప్యూటర్ మొత్తుకునేదాకా నింపి, తర్వాత వాటినీ చెరిపేసింది. నాలుగేళ్ళ రాతని ఆయన గొంతు కిందే పూడ్చిపెట్టింది మహాతల్లి. నేను ఒక్కదాన్నే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఏ కోర్సులూ చదవని మనిషి, ఎంత శుభ్రంగా చేసింది! ఆ క్షణాన ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

అయితే ఆఖరి వీడియో పట్టక ఒక చిన్న మూల మిగిలింది. అందులో ఒక్క పేజీ. తెరవకుండా ఉండాల్సింది. తెరిచాను.

"షాపులో పని చేసేది బిస్త్రా. ఆ పిల్ల తెలివి చూస్తే నాకు గర్వంగానూ ఉంటుంది, అసూయగానూ ఉంటుంది."

నా పేరు. నా పని. పదకొండేళ్ళలో ఒక్కరైనా చూశారన్నమాట. కళ్ళు మసకబారి తరువాతి వాక్యం కనబడలేదు. చదవాలని ప్రాణం కొట్టుకుపోయింది. దాచుకుందామా అంటే, ఈ షాపులో నాదంటూ ఒక సొరుగు కూడా లేదు. ఎక్కడ దాచినా క్రాసెన్ కంటబడుతుంది, అక్కణ్ణుంచి మామయ్య చేతికి వెళ్తుంది. పేజీ మూసేసి, డిస్కులో ఖాళీ చోటంతా సున్నాలతో నింపే ప్రోగ్రాం పెట్టాను. నన్ను మెచ్చుకుంటూ ఎవరో రాసిన ఒకే ఒక్క పేజీని నా చేత్తోనే తుడిచేసి, సాయంత్రందాకా అక్కడే కూర్చుని ఏడ్చాను.

షాపు కట్టేసే వేళకి మామయ్య వచ్చాడు. ఏమీ దొరకలేదన్నాను. "సరిగ్గా వెతికావా అమ్మాయ్? నువ్వు లే, వాణ్ణి చూడనీ," అన్నాడు.

"ఆయనకి రాదు మామయ్యా. మొదట్నుంచీ ఇక్కడ వెతికేది నేనే," అన్నాను. క్రాసెన్ నేల చూపులు చూశాడు. మామయ్య కొడుకు వైపు చూశాడు, కాదంటాడేమోనని. మా ఆయన కాదనలేదు.

కంప్యూటర్ నేనే మోసుకెళ్ళి ఇచ్చాను. వైర్లు తగిలిస్తూ అత్తయ్యకి చిన్నగా చెప్పాను, పెద్ద ఫైలు పట్టని చోట ఒక మూల మిగిలిపోయిందని, ఇంకోసారి చిన్న ఫైళ్లతో నింపమని, ఇప్పటికి నేనే తుడిచేశానని.

"చదివావా?"

"రెండు వాక్యాలు. తప్పే అత్తయ్యా."

ఆవిడ తలుపు వైపోసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది. "అంతా నింపాక, ఆఖర్న అది రాసి చెరిపానే. వెతికేది నువ్వేనని నాకు తెలుసుగా."