తొట్టి గదిలో గాలి

అద్దం అంచున పేరుకున్న తెల్లటి ఉప్పు పొక్కులను తడిగుడ్డతో తుడుస్తూ తుడుస్తూ పొద్దుటమ్మ చెయ్యి ఆపేసింది. హాల్లో గోడ పొడవునా ఉన్న ఆ ఉప్పునీటి తొట్టిలో, రోజూ ఆమె గుడ్డ ఎటు పోతే అటు పరిగెత్తే నీలం చేపలు ఇసుక మీద పక్కకు వాలి పడి ఉన్నాయి. పసుపు చేప నీటి పైన తేలుతోంది. నారింజ రంగు ఒంటి మీద తెల్లని పట్టీలున్న చిన్న చేప ఒక్కటే మూలకు ఒరిగి మొప్పలు ఎగరేస్తోంది. ఆ పట్టీలు చూసే ఆమె దానికి 'ఖైదీగారు' అని పేరు పెట్టుకుంది.

"నీకేమొచ్చిందయ్యా ఖైదీగారూ" అనబోయింది. మాటకంటే ముందు దగ్గు వచ్చింది.

ఇంట్లో వాళ్లు కళ్లు తెరవకముందే వచ్చి పనిలో దిగుతుంది కనుక పిల్లలు ఆమెను పొద్దుటమ్మ అన్నారు. పెద్దవాళ్లకూ అదే అలవాటైంది. పొట్టి మనిషి. ఏళ్ల తరబడి సబ్బునీళ్లలో నానిన వేళ్లు, అంచులు చిట్లిన గోళ్లు, నవ్వితే ఒక పక్క పన్ను లేని సందు. దగ్గు వచ్చినప్పుడు మాత్రం, ఎవరికీ వినపడకూడదన్నట్టు, గోడవైపు తిరిగి కొంగులో దగ్గుతుంది.

ఈసారి వినపడింది. ఇంటాయన బయటికొచ్చి తొట్టి చూశాడు.

"నిన్న రొయ్య పోయింది, ఇవ్వాళ ఇవి! ఏం చేశావు నువ్వు?"

"అద్దం తుడిచానంతే బాబుగారూ."

"సబ్బు చేతులతో తుడిచావా?"

"వట్టి నీళ్లేనండి."

"మరి వాటంతటవే చచ్చిపోయాయా?"

ఇంటావిడ జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. "తొట్టికి వేరే బకెట్ వాడమని నెత్తీనోరూ బాదుకుని చెప్పాను" అంది. వేరే బకెట్టే వాడుతోంది పొద్దుటమ్మ. నీలం రంగుది, దానికి గుర్తుగా గుడ్డపేలిక కూడా కట్టింది. చూపించడానికి వెళ్లేలోపే ఇంటాయన ఫోనులో ఉన్నాడు. వంటింట్లో గొట్టం కారుతోందని ఆమె చెప్పీ చెప్పీ విసిగిపోయింది, దాన్ని బాగుచేసే మనిషి ఇంతవరకూ రాలేదు. తొట్టి బాగుచేసేవాడు మాత్రం టీ చల్లారకముందే వచ్చేశాడు.

అతను సీసాల్లో నీళ్లు పట్టి, చుక్కలు వేసి రంగులు చూస్తుంటే, పొద్దుటమ్మ వంటింట్లో గిన్నెలు తోముతూ వింటోంది. చెయ్యని తప్పు మోయడం ఆమెకు కొత్త కాదు. ఆమె భర్త కుర్చీలకూ బీరువాలకూ రంగు కొట్టే షెడ్డులో పనిచేసేవాడు. కిటికీలు తీస్తే పచ్చి రంగు మీద దుమ్ము పడుతుందని యజమాని తియ్యనిచ్చేవాడు కాదు. దగ్గి దగ్గి మనిషి పోయాక, అదే యజమాని పలకరించడానికి వచ్చి, "బీడీలు మానరా అని చెబుతూనే ఉన్నాను" అన్నాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ మనిషి బీడీ ముట్టలేదు. ఆ మాట ఆమె నోటిదాకా వచ్చింది. నలుగురూ ఉన్నారని మింగేసింది. మింగినందుకు తనమీద తనకు ఇప్పటికీ కోపమే.

"కొంచెం ఇలా రా అమ్మా" అని తొట్టి మనిషి పిలిచాడు.

"ఉప్పు సరిపోయింది, వేడి సరిపోయింది, నీళ్లు మురగలేదు" అన్నాడు ఇంటాయనతో. "రాగి కలిసిందేమో అనుకున్నా. అలాగైతే నత్తలు ముందు పోవాలి. అవి హాయిగా పాకుతున్నాయి. ముందు పోయింది రొయ్య. రొయ్యకీ పురుగుకీ చుట్టరికం సార్. ఈ గదిలో ఎవరైనా పురుగుల మందు కొట్టారా?"

ఇంటావిడ కిటికీ పరదా సర్దసాగింది.

"బొద్దింకల మందు కొట్టానండి" అంది పొద్దుటమ్మ. "మొన్నా, నిన్నా. ఈ తొట్టి కింద అరలో."

"వంటింట్లో కొట్టమంటే ఇక్కడెందుకు కొట్టావ్?" ఇంటావిడ గిరుక్కున తిరిగింది.

"మీరే కదమ్మా, ఇక్కడా తిరుగుతున్నాయి కొట్టమన్నది? తలుపులూ కిటికీలూ బిగించి కొట్టు, లేకపోతే పనిచెయ్యదు అన్నారు."

"అంటే మాత్రం, చేపల దగ్గరని ఆమాత్రం తెలీదూ?"

తొట్టి మనిషి అరలోంచి గాలిపంపు బయటికి తీసి వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. "ఇది గదిలో గాలి పీల్చి నీళ్లలోకి పంపుతుంది. మందంతా నేరుగా వాటి మొప్పల్లోకి పోయింది. కిటికీలు తెరవండి. పిల్లల్ని ఇటు రానివ్వకండి. చేతులకి తొడుగులేసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, గదంతా తుడిపించండి."

అతను ఖైదీగారిని వలతో మెల్లగా ఎత్తి, కొత్త ఉప్పునీళ్ల బకెట్లో వదిలాడు. పిల్లలు గబగబా మేడమీదికి వెళ్లిపోయారు.

"బాబూ" అంది పొద్దుటమ్మ అతనితో. "వంటింట్లో ఇదే మందు వానలప్పట్నుంచీ కొడుతున్నాను. మరి మనిషికో?"

అతను చెయ్యి ఆపి ఆమెకేసి చూశాడు. "దగ్గుందా?"

"ఉంది."

"డాక్టరుకి చూపించుకో అమ్మా. ఆలస్యం చెయ్యకు."

"ఆ దగ్గు వేరులే" అన్నాడు ఇంటాయన. "ఆవిడకి చల్లనీళ్లు పడవు."

చేపలు చస్తే మాత్రం, వాటికి చల్లనీళ్లు పడలేదని ఎవరూ అనలేదు. సీసాలు తెచ్చారు, చుక్కలు వేశారు, గాలి వాసన చూశారు.

ఇంటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, లోపలి నుంచి కొత్త గుడ్డ తెచ్చి చేతికిచ్చింది. తొడుగులు తేలేదు. "మూలమూలా తుడిచెయ్. మేం పైన ఉంటాం."

పొద్దుటమ్మ గుడ్డ వైపు చూసింది. ఇంటావిడ ముక్కు మీది కొంగు వైపు చూసింది.

"నేను తుడవనమ్మా."

"ఏంటీ?"

"ఆస్పత్రికి పోతున్నా. రేపూ రాను. ఇంకెప్పుడూ రాను."

"రెండు చేపల కోసం ఇంత రాద్ధాంతమా?"

"చేపలకి మీరు మనిషిని పిలిపించారమ్మా. నాకు దగ్గొస్తే ఒక్క కిటికీ తీశారా?" ఆమె ఆగలేదు. "మా ఆయన బీడీ తాగలేదు. నేను చల్లనీళ్లు తాగలేదు. ఇది మందు. మీరు కొట్టమన్న మందు."

ఎవరు ఈ 'మా ఆయన' అన్నట్టు భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లలో వాళ్లు అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆమె బకెట్ దగ్గర వంగింది. ఖైదీగారి మొప్పలు ఒకసారి లేచాయి, మళ్లీ లేవలేదు. తెల్లని పట్టీలు నీళ్లలో మెల్లగా పక్కకు తిరిగాయి. తొట్టి మనిషి తల దించుకున్నాడు. ఆమె లేచి, హాల్లో కిటికీలన్నీ ఒక్కొక్కటే బార్లా తెరిచి, దగ్గు వచ్చినప్పుడు గోడవైపు తిరగకుండానే దగ్గి, ముందు గుమ్మంలోంచే బయటికి నడిచింది.

గదిలోకి గాలి వచ్చింది. గాలిపంపు పక్కన నేల మీద, దుకాణం మడతలు కూడా విప్పని ఆ కొత్త గుడ్డ పొడిగా పడి ఉంది.