చేతి వాసన

నీలవ్వ రెండు చేతులకూ పాలిథిన్ కవర్లు తొడిగి, మణికట్ల దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకుని పసుపు రాశి ముందు కూర్చుంది. సన్నని కొమ్ములు ఒక పక్కకు, గుండ్రటి మండలు ఒక పక్కకు. కవర్లలో వేళ్లు చెమటకు నాని ముడతలు పడుతున్నాయి. ఆర్మూర్‌లో పసుపు ఏరే ఆడవాళ్లలో ఇలా చేతులు దాచుకున్నది ఆమె ఒక్కతే.

"ఏందే నీలవ్వా, పసుపుకు ఆపరేషన్ చేస్తున్నవా?" అంది ఆశమ్మ. అందరూ నవ్వారు.

నీలవ్వ నవ్వలేదు. ఆమె కడుపులో మంట ఉంది.

ఆ మంట పేరు స్వర్ణ. ఆర్మూర్ పక్కనే పెర్కిట్‌లో, నీలవ్వ పక్కింటామె. స్వర్ణ కొడుకు రంజిత్‌కూ నీలవ్వ కొడుకు లోకేశ్‌కూ ఒకటే ఈడు, ఒకటే ఆటిజం. ఇద్దరికీ మాటలు రావు. తల్లులిద్దరూ ఒకే ఆటోలో నిజామాబాద్ దవాఖానకు పోయేవాళ్లు. "దీనికి మందు లేదమ్మా, ఓపికగా నేర్పుకోవాలె" అని డాక్టర్ చెబితే కలిసే ఏడ్చారు. ఇప్పుడు స్వర్ణ వీడియోలో ఉంది. ఆటిజానికి మందని పొడి అమ్మేవాడి యూట్యూబ్ ఛానెల్, లక్షలమంది చూశారు. "గీ పొడి తాపిన, మావోడు మాట్లాడుతుండు" అంటుంది. రంజిత్ వీపు కనిపిస్తుంది. "అమ్మా" అని వినిపిస్తుంది. ఆ వీడియో వచ్చినప్పటినుంచి స్వర్ణ తలుపులు మూసుకునే ఉంటోంది, పిల్లాణ్ని బయటికి తేవడం లేదు.

ఇంతమంది చూసింది అబద్ధమెట్లయితది అనుకుంది నీలవ్వ. చూసినవాళ్లంతా అలాగే అనుకున్నారు. విచారించినవాడు ఒక్కడూ లేడు.

ఆ 'అమ్మా' విన్నప్పుడల్లా, ఎవరో తన ఇంట్లో దూరి తన పళ్లెంలో అన్నం తింటున్నట్టే ఉండేది ఆమెకు.

తనూ పొడి తెప్పించి తాపింది. తాపిన పూటల్లా లోకేశ్ కక్కుకున్నాడు. అదే ఛానెల్‌లో ఇంకో మాట కూడా చెప్పారు: పిల్లలు వాసన చూసే అలవాటు మాన్పించండి, అప్పుడే మాట వస్తుంది. లోకేశ్‌కు ఉన్న అలవాటల్లా అదే. సాయంత్రం తల్లి రాగానే ఆమె అరచేయి లాక్కుని ముక్కుకు ఆనించుకుని, పసుపు వాసన గుండెల నిండా పీల్చేవాడు. ఆ తర్వాతే అన్నం ముట్టేవాడు.

అందుకే ఈ కవర్లు. ఇంటికి పోయాక నిమ్మచెక్కతో రుద్దుడు. ఇప్పుడు లోకేశ్ ఆ చేతిని ఓసారి వాసన చూసి, వదిలేసి, గోడవైపు తిరుగుతున్నాడు. అన్నం పళ్లెంలోనే ఎండుతోంది.

పొద్దుగూకే వేళ ఇల్లు చేరేసరికి స్వర్ణ గుమ్మం ముందు ఆటో ఆగి ఉంది. మూటలు ఎక్కుతున్నాయి.

"యాడికి పోతున్నవ్ స్వర్ణా?"

"మాక్లూర్, మా అవ్వగారింటికి." స్వర్ణ తలెత్తలేదు. "ఊరూరికెళ్లి వస్తున్నరక్కా, పిలగాన్ని మాట్లాడిపియ్యుమని. నాతోని అయితలేదు."

"గింత పేరొచ్చినంక మేమేం కనబడ్తం లే!"

ఆటోలో రంజిత్ చెవులు మూసుకుని ఊగుతున్నాడు. నీలవ్వ వంగింది. ఆ మాట ఒక్కసారి కళ్లెదుట వినాలి. "బిడ్డా, రంజిత్, అమ్మా అనురా. జర అను."

రంజిత్ పెదవి కదల్లేదు. పక్కన కూర్చున్న వాడి అక్క దీక్షిత, అలవాటు కొద్దీ ముఖం అటు తిప్పుకుని, సన్నగా సాగదీసి అంది: "అమ్మా."

అదే గొంతు. వీడియోలో గొంతు.

స్వర్ణ గబుక్కున కూతురి నోరు మూసింది. "పోనియ్యన్నా" అంది డ్రైవర్‌తో.

నీలవ్వకు ముందు సంతోషం కలిగింది, రంజిత్‌కూ మాట రాలేదని. ఆ సంతోషానికి ఆమెకే భయమేసింది. తిట్టడానికి నోరు తెరిచేలోపు ఆటో హైవే ఎక్కేసింది.

గుమ్మంలో లోకేశ్ నిలబడి ఉన్నాడు. నీలవ్వ నిమ్మచెక్క జోలికి పోలేదు. దినమంతా పసుపు దుమ్ము పట్టిన కొంగుకు అరచేతులు గట్టిగా రుద్దుకుని చాచింది. వాడు రెండు చేతులూ లాక్కున్నాడు. ముక్కుకు ఆనించుకుని చాలాసేపు వదల్లేదు.

పక్కింటి అరుగు మీద, తెగిన చెప్పుల పక్కన, అదే పొడి డబ్బా ఒకటి మిగిలిపోయింది, మూత చుట్టూ సీలు ఊడకుండా.