ఇరవై లక్షల బేరం

ఆ గురువారం పొద్దున నా చేతిలో ఉన్నవి పదకొండు వందల నలభై రూపాయలు, నాలుగు చుట్టల నైలాన్ తాడు, బావమరిది గోపీనాథ్, వాడి పాత వ్యాను. రేపల్లెలో పడవలకు తాళ్లు అమ్మే కొట్టు నాది. చేపల ధర పడిపోయి పడవలు ఒడ్డు వదలడం లేదు. మూడు నెలల అద్దె తొమ్మిది వేలు శనివారంలోగా కట్టకపోతే కొట్టుకు తాళం వేస్తానని యజమానురాలు చెప్పేసింది.

అందుకని తెనాలి ఫైనాన్స్ కంపెనీ యజమాని రామబ్రహ్మాన్ని ఎత్తుకొచ్చి, ఇరవై లక్షలు అడుగుదామనుకున్నాం. ఆయన ముఖం మా కొట్లో క్యాలెండర్ మీద చూసిందే.

మేం వెళ్లేసరికి ఆయన పట్టుపంచెతో గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఇంత ఆలస్యమా? బాపట్లలో ముహూర్తం దాటిపోదూ! సుందరయ్య బావ కారు పంపుతానని వ్యాను పంపాడేంటి?" అంటూ తనే ఎక్కాడు.

ఎత్తే శ్రమ తప్పింది, లాభమే అనుకున్నాను.

చెరుకుపల్లిలో రేపల్లె వైపు తిప్పబోతే గద్దించాడు. "బాపట్ల అటు కాదయ్యా! పిట్టలవానిపాలెం మీదుగా పోనీ. మా మేనత్తని ఎక్కించుకోవాలి."

మేనత్త కనకమహాలక్ష్మి రెండు అరిసెల బుట్టలతో వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఒక బుట్ట గోపీ ఒళ్లో పెట్టింది. రామబ్రహ్మం కళ్లకు కట్టాలని గోపీ తువ్వాలు తీస్తే, లాక్కుని చెమట తుడుచుకుంది.

"మంచి పిల్లాడు. అడక్కుండానే ఇచ్చాడు."

కర్లపాలెంలో ఇంకో నలుగురు ఎక్కారు.

బాపట్లలో గాలికి పెళ్లి షామియానా ఊగిపోతోంది. పెళ్లికూతురి తండ్రి సుందరయ్య మా వ్యానులోకి తొంగిచూశాడు.

"నేను పంపిన కారు ఖాళీగా తిరిగొచ్చింది. ఎవరైతేనేం, అందరినీ తెచ్చారు. ఈ తాళ్లేంటి బాబూ?"

"అమ్మకానికేనండి. చుట్ట పదహారు వందలు."

గోపీ నా చెవిలో గొణిగాడు. "బావా, అవి ఆయన్ని కట్టడానికి కదా!"

"నోర్ముయ్. గిరాకీ వచ్చింది."

నాలుగు చుట్టలూ షామియానాకు పోయాయి. ఇద్దరం బంతిలో కూర్చుని తిన్నాం. సాయంత్రం రామబ్రహ్మాన్ని గేటు దగ్గరే దింపాం.

"శ్రావణంలో మా మేనల్లుడి పెళ్లి. నువ్వే రా అబ్బాయ్. ఈసారి త్వరగా రా" అన్నాడు.

తాళ్లకు ఆరువేల నాలుగు వందలు, సుందరయ్య ఇచ్చిన కిరాయి మూడున్నర వేలు. డీజిలుకు వెయ్యి, అద్దెకు తొమ్మిది వేలు పోగా చేతిలో వెయ్యిన్నీ నలభై మిగిలింది. బయలుదేరినప్పటి కంటే వంద తక్కువ. కొట్టు మాత్రం తెరిచే ఉంది. గోపీ వాటా అడిగితే పెళ్లివారిచ్చిన స్టీలు డబ్బా ఇచ్చాను.