ఎడం పక్క లోపం

నెల్లూరు జిల్లా కోట చుట్టుపక్కల పది ఊళ్ళలో హాకీ గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా రంగనాయకుల్నే అడగాలి. అడక్కపోయినా ఆయనే చెబుతాడు, అది వేరే సంగతి. పన్నెండెకరాల మాగాణి ఉన్న రైతుకి ఈ హాకీ పిచ్చేమిటయ్యా అంటే, నెల్లూరు మిషన్ హైస్కూల్లో చదివిన నాలుగేళ్ళలో అంటుకున్నది. చదువు వదిలింది గానీ పిచ్చి వదల్లేదు. పోనీ ఆడేవాడా అంటే అదీ లేదు మహానుభావుడికి! ఆ రోజుల్లో గీత బయట నిలబడి ఆడేవాళ్ళకి నిమ్మకాయ ముక్కలు అందించేవాడు. కళ్ళు మాత్రం గద్దకళ్ళు. ఏ ఆటగాడు ఏ కాలు మీద బరువు వేస్తాడో, ఎవడు అలిసిపోయి అలవనట్టు నటిస్తాడో ఇట్టే చెప్పేసేవాడు.

కిందటేడు రోము ఒలింపిక్సులో మనవాళ్ళు పాకిస్తాను చేతిలో ఒక్క గోలుతో ఓడిపోయారని రేడియోలో విన్న రోజు ఆయన అన్నం ముట్టలేదు. మర్నాడు కోట బజార్లో టీ అంగడి ముందు నిలబడి, "ముప్పై ఏళ్ళుగా గెలస్తానే ఉండాం గదా అని కొత్తోళ్ళని తయారు చెయ్యలా. విత్తనం వడ్లు దాచుకోకుండా దంచుకు తిన్నోడికి మరుసటేడు పంటెట్టొస్తాది?" అని చెడామడా తిట్టాడు. ఎవరిని తిట్టాడో టీ తాగేవాళ్ళకి తెలియదు. తిట్టింది సబబే అని మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

ఆయన మాటలతో సరిపెట్టుకునే మనిషి కాదు. ఏటా కోతలు కాగానే ఊరి పక్కనున్న మూడెకరాల చేనులో కొయ్యకాళ్ళు చెక్కించి, నీళ్ళు చల్లించి, రాతి రోలరు దొర్లించి మైదానం చేసేవాడు. మళ్ళీ కాలవకి నీళ్ళొచ్చేదాకా అది కోట టీముది. ఆ చేలోనే పదమూడేళ్ళుగా ఒక టీముని పెంచాడు. నెల్లూరులో జరిగే జిల్లా పోటీల్లో షీల్డు కోటకి తేవాలని ఆయన కోరిక. పదమూడేళ్ళలో ఒక్కసారి కూడా ఫైనలు గడప తొక్కలేదు. ఈ ఏడు తొక్కారు. తొక్కించినవాడు సమాధానం.

సమాధానానికి ఇరవై రెండేళ్ళు. రంగనాయకులు పొలంలోనే కూలికి వచ్చేవాడు. తల్లి ఎలిశబెతు కూడా ఆ పొలంలోనే నాట్లు వేసి, కలుపు తీసి కొడుకుని పెంచింది. తాటిమట్ట పుచ్చుకుని గులకరాయిని తోలుకుంటూ పోతున్న తొమ్మిదేళ్ళవాణ్ణి చూసి, "ఒరే, నువ్వు రాయిని కొట్టడంలా, బుజ్జగిస్తా ఉండావు" అని మురిసిపోయి, రంగనాయకులు సొంత ఖర్చుతో మద్రాసు నుంచి హాకీ కర్ర తెప్పించాడు. ఇప్పుడు వాడు సెంటర్ ఫార్వర్డు. బంతి వాడి కర్రకి అంటుకుందంటే ఎదుటివాళ్ళు దాని మీద ఆశ వదులుకోవలసిందే.

మార్చి నెల రెండో వారంలో హెబ్రోను కోటకి వచ్చాడు. హెబ్రోను రంగనాయకులుకి బళ్ళో సావాసగాడు. ఒకప్పుడు మంచి హాఫ్ బ్యాకు. ఇప్పుడు మద్రాసులో ఒక బట్టల మిల్లు హాకీ టీముకి ఆటగాళ్ళని ఏరే పని ఆయనది. మిల్లు టీములో చేరిన ఆటగాడికి మిల్లులోనే పర్మనెంటు ఉద్యోగం ఇస్తారు. సమాధానం ఆట ఓ సాయంత్రమంతా చూసి, హెబ్రోను చేనుగట్టు మీద రంగనాయకులు పక్కన కూర్చున్నాడు.

"ఒక్క ఖాళీ ఉండాది రంగా. ఏప్రిల్ మూడో తేదీ సోమవారం పరీక్ష పెడతా ఉండాం. ఈ పిల్లోణ్ణి పిలవమంటావా? నువ్వు వాణ్ణి పుట్టినకాడ్నించి చూస్తా ఉండావు. నీ మాటంటే నాకు గురి."

ఏప్రిల్ మూడో తేదీ! నెల్లూరులో ఫైనలు కూడా సరిగ్గా ఆ సాయంత్రమే. రంగనాయకులుకి పదమూడేళ్ళు కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"బాగా ఆడతాడు, కాదనను. కాకపోతే ఎడం పక్క లోపముండాది. బంతి ఎడం పక్కకొస్తే కర్ర తిప్పడం ఆలస్యం. మద్రాసులో రెండు దినాల్లో కనిపెట్టేస్తారు. ఇంకో ఏడాది ఆగు హెబ్రోనూ, నేను సరిచేసి పంపిస్తా."

అది పచ్చి అబద్ధం కాదు, అందుకే నాలుక మీదికి అంత సులువుగా వచ్చింది. ఎడం పక్క వెంట్రుకవాసి ఆలస్యం ఉన్న మాట నిజమే. ఆ పాటి లోపం లేని ఆటగాడు దేశంలో ఎక్కడున్నాడు? ఉన్నదాన్ని ఊదితే కొండంతయింది. హెబ్రోను తలాడించి, సరేనన్నాడు. వెళ్తూ వెళ్తూ మైదానంలో సమాధానాన్ని కలిసి భుజం తట్టాడు. "ఇంకో ఏడాది ఆగమన్నాడు మీ అయ్య. ఎడం పక్క సరిచేసుకో" అని ఉన్నమాట చెప్పి బస్సెక్కాడు.

రెండు వారాలు రంగనాయకులు హుషారుగానే తిరిగాడు. ఏదో గుచ్చుకుంటున్నా, చెప్పులో రాయి కదా అని ఊరుకున్నట్టు ఊరుకున్నాడు. పిల్లవాడి మంచికే కదా అని తనకి తనే చెప్పుకున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే మనిషికి తనని తాను ఒప్పించుకోవడం ఎంతసేపు!

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన భార్య కామాక్షమ్మ విస్తట్లో అన్నం వడ్డించి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఎలిశబెతు వచ్చి పోయింది. ఇయ్యాళ చర్చిలో సాక్ష్యం చెప్పిందంట."

రంగనాయకులుకి ఆ సంగతి తెలుసు. ఎలిశబెతు వాళ్ళుండే పాలెం చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో, దేవుడు తమకి చేసిన మేలు ఏదైనా ఉంటే ఎవరైనా లేచి నలుగురిలో చెప్పవచ్చు. సాక్ష్యమంటే అదే. జ్వరం తగ్గిందనీ, తప్పిపోయిన ఆవు దొరికిందనీ చెబుతుంటారు.

"ఏం చెప్పిందేం?"

"మీ గురించే. నా కొడుకులో లోపం ఎవురికీ కనపడలా, ఆ అయ్య కనిపెట్టినాడు, వాడు మద్రాసు పోయి నవ్వులపాలు కాకుండా కాపాడినాడు, ఆయన్ని దేవుడే నాకు చూపించినాడు అని ఏడ్చిందంట. ఆ పిల్లోడు దినామూ తెల్లారకముందే లేచి, ఎడం చేత్తోనే కర్ర తిప్పతా ఉండాడంట. చెయ్యి వాచిపోయినా మానడంటండీ."

రంగనాయకులు కలిపిన ముద్ద కలిపినట్టే ఉండిపోయింది.

"నిజంగా అంత లోపముండాదా వాడికి?" అంది కామాక్షమ్మ.

ఆయన ముద్దని విడదీసి మళ్ళీ కలపసాగాడు. ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి ఆమె. మొగుడు మాట్లాడితే ఏమీ లేనట్టు, మాట్లాడకపోతే ఏదో ఉన్నట్టు అని ఆమెకి బాగా తెలుసు.

"ముప్పై దినాల నారుని నలభై దినాలు మడిలోనే ఉంచితే ముదిరిపోతాది, ఇంక పిలకెయ్యదని కూలోళ్ళ మీద కేకలేసేది మీరే గదా? వాడికి ఇరవై రెండేళ్ళు. షీల్డు కోసరం మడిలోనే ఉంచినారా?"

"ఉంచినా" అన్నాడు రంగనాయకులు. ఒక్కసారి ఒప్పుకున్నాక ఆపుకోలేకపోయాడు. "అవునే, ఉంచినా! పాపిష్టోణ్ణి. వాడి నోటికాడి కూడు తీసేసినా." పెద్దమనిషి విస్తరి ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా కళ్ళు తుడుచుకున్నాడు. కామాక్షమ్మ మజ్జిగ పోసి, ముందు తినమంది.

సోమవారం పోస్టాఫీసు తలుపులు తీసేసరికి ఆయన గుమ్మంలో ఉన్నాడు. సమాధానంలో లోపమేమీ లేదని, తన మాటే తప్పని, పరీక్షకి పిలవమని హెబ్రోనుకి తంతి ఇచ్చాడు. బుధవారానికి జవాబు వచ్చింది. ఖాళీ ఇంకా ఉందట, సోమవారం ఉదయానికి పంపించమన్నాడు.

హమ్మయ్య అనుకుని, తంతి కాగితం పట్టుకుని మైదానానికి పరిగెత్తాడు. అక్కడ సమాధానం ఆట చూసి నిలువునా నీరుగారిపోయాడు. వెనక ఎన్నడూ చూడని ఆట! బంతి కుడి పక్క వచ్చినా వాడు ఎడం పక్క చూసుకుంటున్నాడు. అంతకుముందు కళ్ళు మూసుకుని కొట్టే గోలుని ఆలోచించి ఆలోచించి బయటికి కొట్టాడు. ఒక్క మాట వాడి చేతుల్లోకి పాకి ఆటంతా తినేసింది.

"ఒరే సమాధానం, నువ్వు మద్రాసు పోతా ఉండావు. ఆదివారం మధ్యాన్నం బస్సు" అన్నాడు.

సమాధానం కాగితం చదువుకుని, మడిచి, తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు. "వద్దులేయ్యా."

"ఎందుకు వద్దు?"

"నా మీద జాలితో మీరే ఆయనకి రాసినట్టుండారు. చెయ్యి వాచిందని అమ్మ చెప్పిందా? నాకింకా ఎడం పక్క రాలేదయ్యా, నాకు తెలస్తానే ఉండాది. అయినా అదే దినం ఫైనలు. మీరు పదమూడేళ్ళుగా చూస్తా ఉండారు. వచ్చే ఏడు పోతాలే."

"నీకు లోపం లేదురా! నేను ఊరికినే చెప్పినా."

"మీరు ఊరికినే చెప్పరయ్యా" అన్నాడు సమాధానం నవ్వి. బంతి తీసుకుని మళ్ళీ ఎడం పక్కకి వెళ్ళాడు.

అదీ వరస! అబద్ధం ఒక్క ముక్కలో నమ్మించాడు గానీ, నిజం చెప్పి నమ్మించడానికి గురువారం, శుక్రవారం, శనివారం చాల్లేదు. దబాయించాడు, బతిమాలాడు, ఒట్టు పెట్టాడు. ఎంత చెప్పినా ఆ పిల్లవాడు, పెద్దాయన తన కోసం షీల్డు వదులుకుంటున్నాడనే అనుకుని ఇంకా గట్టిగా మొండికేశాడు. నలుగురిలో తల్లి మొక్కిన మనిషి ఇంత పని చేస్తాడని వాడు ఎట్లా నమ్ముతాడు! ఏకాంతంగా చెప్పిన మాట జాలిలాగే వినబడుతోందనీ, నలుగురిలో పెరిగిన గౌరవం నలుగురిలోనే దిగాలనీ రంగనాయకులుకి శనివారం సాయంత్రానికి గానీ తట్టలేదు.

ఆదివారం ఉదయం ఉతికిన పంచె కట్టుకుని, కండువా వేసుకుని పాలెం చర్చికి వెళ్ళాడు. ఆ వీధిలోకి ఆయన ఎన్నోసార్లు కూలి మనుషుల కోసం వచ్చాడు గానీ, ఆ గుమ్మం ఎప్పుడూ దాటలేదు. చెప్పులు విడిచి మగవాళ్ళ వైపు వెనక చాప మీద కూర్చున్నాడు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో ఎలిశబెతు ఆయన్ని చూసి, సంతోషంతో చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సంతోషం చూస్తే ఆయనకి లేచి పారిపోదామనిపించింది.

పాస్టరు క్రీస్తుదాసు గారు, సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. రంగనాయకులు లేచాడు.

"నేను మీ మతమోణ్ణి కాదు. చెప్పొచ్చునో లేదో నాకు తెలవదు."

"చెప్పండి" అన్నారు పాస్టరు గారు.

"పోయిన ఆదివారం ఎలిశబెతు నా గురించి మంచిగా చెప్పిందంట. అది తప్పు. నేను సమాధానాన్ని కాపాడలా. మద్రాసులో వాడికి ఉద్యోగమిస్తామని వస్తే, షీల్డు కోసరం లోపముండాదని చెప్పి అడ్డం పడినా. వాడికే లోపమూ లేదు." ఆయన కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. "అంతే. నాకు ప్రార్థన చెయ్యడం రాదు. వాణ్ణి మాత్రం ఇయ్యాళ బస్సెక్కనియ్యండి."

ఎలిశబెతు చెంగు మెల్లగా కిందికి దించింది. ఆమె మొహంలో కోపం కూడా లేదు, ఏమీ లేదు. సమాధానం లేచి, ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. క్రీస్తుదాసు గారు పాటల పుస్తకం తెరిచి పాట సంఖ్య చెప్పారు. ఆ పూట ఆయనకి కూడా అంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు.

మధ్యాహ్నం బస్సు దగ్గర రంగనాయకులు ముందే నిలబడి ఉన్నాడు. గూడూరులో దిగి రైలు పట్టుకోవాలి. వాడు వస్తాడో రాడోనని ప్రాణం గిజగిజలాడింది. వచ్చాడు. చేతిలో చిన్న సంచీ, భుజాన కర్ర. పక్కన ఎలిశబెతు అన్నం మూట పట్టుకుని నడుస్తోంది. రంగనాయకులుని చూసి ఆమె తల పక్కకి తిప్పుకుంది. సమాధానం మాత్రం దగ్గరికి వచ్చి ఆగాడు.

"పోయొస్తానయ్యా."

"మంచిదిరా. చూడు, బుల్లీ అయి ఆట మొదలు కాగానే తొందరపడబాకు. నీ ఆట నువ్వాడు. ఎడం పక్క గురించి అసలు అనుకోబాకు, నీ ఎడం పక్క శుభ్రంగా ఉండాది."

సమాధానం ఆయన మొహంలోకి కాసేపు చూశాడు. పదమూడేళ్ళుగా ఆయన చెప్పిన ప్రతి మాటకీ వాడు చూడకుండానే తలాడించేవాడు.

"ఇది నిజమేనాయ్యా?"

"నిజంరా. నా మీదొట్టు."

"సరేలేయ్యా" అన్నాడు సమాధానం, నొప్పించకూడదన్నట్టు నెమ్మదిగా. "హెబ్రోను సారుని కూడా ఒకసారి అడిగి తెలుసుకుంటా."

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. రంగనాయకులు ఇంకేదో చెప్పబోయి, చెప్పే హక్కు లేదని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. బస్సు కదిలాక ఎలిశబెతు, ఆయన ఒకరికొకరు దూరంగా నిలబడి ఒకే వైపు చూస్తుండిపోయారు.