తళతళ బాబాయి

నాలుగో తొట్టి పూర్తిచేసి, నడుము పట్టుకుని ఒక్క నిమిషం నిలబడ్డాడు తళతళ బాబాయి. ఉప్పునీళ్లకు వేళ్ల సందులు ఒరిసిపోయి మండుతున్నాయి. తొమ్మిది రోజులు తను రాకపోయేసరికి వాటిలో పెంచుతున్న సముద్రపు స్పంజి జీవుల మీద జిగురు వేలిమందాన పేరుకుపోయింది. ప్రయోగశాలలో మిగతావాళ్లు వచ్చేలోగా, ఒక్కో స్పంజినీ పసిపిల్లకు ఒళ్లు రుద్దినట్టు మెత్తని బ్రష్షుతో తోమడం ఆయన అలవాటు. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. చేస్తున్నట్టు ఎవరికీ తెలియదు కూడా. మురికి కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు, అంతే. పన్నెండేళ్లుగా గాజుసామానూ తొట్ల అద్దాలూ మెరిపించి మెరిపించి ఆ పేరు తెచ్చుకున్నాడు.

సెలవు పెట్టింది భార్య కోసం. ఆవిడ కాలిపుండులోని క్రిములు మూడు రకాల మందులకు లొంగలేదు. నాలుగోది పనిచేసేలోగా రెండు వేళ్లు తీసేశారు. "ఇంకా ఎనిమిదున్నాయిలే, నీ మీదికి కాలు దువ్వడానికి చాలవూ!" అని ఆవిడ నవ్వింది. ఆయనకు నవ్వు రాలేదు. రాత్రుళ్లు ఆసుపత్రి బల్ల మీద కూర్చుని కూర్చుని ఒళ్లు హూనమైపోయింది.

ఇక్కడ వెతుకుతున్నదీ అలాంటి మొండి క్రిములను చంపే మందే. స్పంజి ముక్క నూరి, ఆ రసంలో తడిపిన కాగితపు బిళ్లను క్రిములు పెంచిన గాజుపళ్లెంలో పెడతారు. క్రిములు చస్తే బిళ్ల చుట్టూ తేటగా వలయం పడుతుంది. పన్నెండేళ్లలో ఒక్కటీ పడలేదు. పడని పళ్లేలన్నీ ఉడికించి కడిగింది ఆయనే. ఈ నెలాఖరుకూ ఏమీ తేలకపోతే తొట్లు ఖాళీ చేసేద్దామని ప్రయోగశాల నడిపే పెద్ద మేడం చెప్పేశారు.

అయిదో తొట్టిలో చెయ్యి పెట్టబోతుండగా, పరిశోధన చేసే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"బాబాయ్, ఇది చూడు!"

ఆమె చేతిలోని పళ్లెంలో, బిళ్ల చుట్టూ చొక్కాగుండీ అంత తేటవలయం. ఆ పిల్లకు కాలు నిలవడం లేదు.

"మొన్న రెండో తొట్టిలోంచి తీసిన ముక్క ఇది. అదే స్పంజి, అవే నీళ్లు. మందు తయారుచేసేది స్పంజి కాదేమో, దాని మీది జిగురులో బతికే సూక్ష్మజీవులేమో బాబాయ్. కానీ ఇదివరకు అసలు జిగురే కనపడేది కాదు. ఇప్పుడెక్కడినుంచి వచ్చిందో బుర్ర బద్దలుకొట్టుకున్నా తెలియట్లేదు."

తను తోమని తొమ్మిది రోజుల్లో పెరిగిన జిగురే అదని బాబాయికి అర్థమైంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఈ అయిదోది కూడా తోమేస్తే ఇక పరీక్షించడానికే ఏమీ మిగలదు. నెలాఖరుకు తొట్లు ఖాళీ అవుతాయి, తన పన్నెండేళ్ల తెలివితక్కువతనం నీళ్లతోపాటు కాలవలో కలిసిపోతుంది. భార్య పాదానికున్న కట్టు కళ్లముందు మెదిలింది. ఆ మందు అప్పుడే దొరికి ఉంటే? సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"నేనేనమ్మా," అన్నాడు. "రోజూ తోమేది నేనే. శుభ్రంగా ఉంటే మంచిదనుకున్నా. ఇవాళ కూడా నాలుగు తోమేశా. ఇదొక్కటే మిగిలింది. దీన్నెవర్నీ ముట్టుకోనివ్వకు, నన్ను కూడా."

పెద్ద మేడం వచ్చి, అంతా విని, స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నారు.

"మీరు ఏమేం కడుగుతున్నారని మేమూ ఏనాడూ అడగలేదు కదా," అన్నారు. "పోనీండి. ఇకనుంచి గాజుసామాను మాత్రం చూసుకోండి."

"వద్దు మేడం. పక్కగదిలో ఇవి ఇలా జిగురోడుతూ ఉంటే నా వల్ల కాదు. ఏదో ఒక పొద్దున తోమేస్తా. నా సంగతి నాకు తెలుసు."

సాయంత్రం దాకా గాజుసామాను కడిగి, బోర్లించి, ఎప్పుడూ తన దగ్గరే ఉండే తాళంచెవులు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఎప్పటిలా వెళ్తున్నాడనే అందరూ అనుకున్నారు.

అమ్మాయి తొట్లగదిలోకి వెళ్లేసరికి అయిదో తొట్టికి ఒక అట్టముక్క అంటించి ఉంది. తడిచేత్తో రాయడం వల్ల సిరా పాకి, "దయచేసి ఎవరూ కడగొద్దు" అన్న అక్షరాల చుట్టూ మరకలు కట్టింది.