కొమ్ముముక్కు పిట్ట గూటి దగ్గర

ఆ ఇంటి కోడలు మైకు, మెట్ల మీద కూర్చుని రెయిన్‌కోట్లు తిరగేసి తుడుస్తోంది. జలపాతం చూడ్డానికి వచ్చినవాళ్ళు తొడుక్కుని విడిచిన పసుపుపచ్చ కోట్లవి. తడి లోపలే ఉండిపోతే మర్నాటికి ముక్కు మూసుకోవాల్సిందే. అందుకని చంకలూ, టోపీ మడతలూ కూడా గుడ్డపెట్టి తుడిచి తీగ మీద ఆరేయాలి. నిజానికి ఇది అత్తగారి పని. మైకు ఇల్లు కదలకపోవడంతో నిన్నటి నుంచి కోడలి చేతికొచ్చింది.

"ఒక్క కోటు ఎంతసేపు తుడుస్తావే? దానికేమన్నా పెళ్ళిచూపులా?" వంటింట్లోంచి అత్త కేకేసింది.

కోపంతో వేసిన కేక కాదది. ఆ ఇంట్లో మాటంటేనే కేక. కొండ మలుపు తిరిగితే జలపాతం. దాని హోరు రాత్రీ పగలూ కిటికీల్లోంచి వస్తూనే ఉంటుంది. ఆ వీధి పిల్లలు మాటలకంటే ముందు అరవడం నేర్చుకుంటారు. అందరిలోకీ పెద్ద గొంతు కోడలిదే. జలపాతం అడుగున ఇనుప వంతెన మీద నిలబడి "కమ్మీ వదలకండి! జారుతుంది, జాగ్రత్త!" అని ఏళ్ళ తరబడి గొంతు చించుకుని, చివరికి మైకు అనే పేరు తెచ్చుకుంది.

ఈ సీజన్లో ఆమెను అడవి దారికి మార్చారు. ఎన్నాళ్ళుగానో కోరుకున్న పని. జలపాతం వెనక అడవిలో జనాన్ని నడిపిస్తూ జింకల్నీ, పక్షుల్నీ చూపించాలి. మొన్న మొదటిసారి తనే ముందు నడిచింది. అక్కడ ఒక పెద్ద చెట్టు తొర్రలో కొమ్ముముక్కు పిట్ట గూడుంది. ఆడపిట్ట లోపల కూర్చుని, సన్నటి చీలిక వదిలి ద్వారమంతా మూసేసుకుంటుంది. మగపిట్ట పళ్ళు తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తేనే తల్లికీ పిల్లకీ తిండి. సరిగ్గా ఆ మగపిట్ట వచ్చి కొమ్మ మీద వాలినప్పుడు, మైకు నోరు తానింకా వంతెన మీదే ఉన్నాననుకుంది.

"అదిగో! అటు చూడండీ!"

అడవి దద్దరిల్లింది. పిట్ట ముక్కులోని పండు జారి కిందపడింది. అది రెక్కలు కొట్టుకుంటూ కొండ దాటిపోయింది. ఎంతసేపు నిలబడ్డా తిరిగి రాలేదు. అప్పట్నుంచి మైకుకి ముద్ద దిగడం లేదు.

"అదిక రాకపోతే ఎలా అత్తయ్యా? లోపల తల్లీపిల్లా ఉన్నారు."

"అందుకే వెళ్ళి చూసిరమ్మంటున్నా."

"చూడాలంటే భయంగా ఉంది."

"నువ్వు చూడకపోతే వాటికి కడుపు నిండుతుందా?"

మధ్యాహ్నం పెద్దగైడు గేటు దగ్గర బండి ఆపాడు. దిగకుండానే చెప్పాడు. "అమ్మాయ్, అలజడి సర్దుకోనీ అని గూటివైపు ఎవర్నీ పంపలేదు. ఇవాళ నువ్వే వెళ్ళి చూసిరా. రేపు పొద్దున్నే జనం వస్తున్నారు. నువ్వు వాళ్ళని నడిపిస్తానంటే అడవికి రా, లేదంటే ఎప్పట్లా వంతెనకి."

"పిట్ట రాకపోతే బాబాయ్?"

"నాకొచ్చి చెప్పు. తెలిస్తే ఏదో ఒకటి చేస్తాం. తెలీకుండా కూర్చుంటే ఏం చేస్తాం?"

బండి వెళ్ళగానే అత్త చేతులు తుడుచుకుంది. "పద, నేనూ వస్తా."

"మీరా! మీ గుసగుస పక్కవీధికి వినిపిస్తుంది."

"నీ కేక పిట్టని కొండ దాటించింది. ఎవరు ఎవరికి చెప్తున్నారో!" అని అత్త ఒక రుమాలు తీసి, మడిచి, పళ్ళ మధ్య పెట్టుకుంది.

వంతెన మీద తుంపర వాళ్ళ ముఖాల్ని తడిపింది. చిన్న నల్లపిట్టలు నీటి తెరను చీల్చుకుని వెనక్కి దూరిపోతున్నాయి. ఇన్నేళ్ళు కోట్లు తుడిచిన అత్త ఆ వంతెన దాటి ఎన్నడూ రాలేదు. హోరు వెనకబడే కొద్దీ తమ అడుగుల చప్పుడే వాళ్ళకి పెద్దగా వినిపించసాగింది. కొమ్మ మీద పిల్లి అంత పెద్ద ఉడత ఒకటి తోక వేలాడేసి కాయ కొరుకుతోంది. దాని తొక్కలు రాలిన చప్పుడు కూడా వినబడింది.

పొద చాటున కూర్చున్నారు. తొర్ర చీలికలో కదలిక లేదు. మైకు చూపు తిప్పలేదు. దోమ వాలితే కొట్టబోయిన అత్త చెయ్యి గాల్లోనే ఆగింది. చాలాసేపటికి చీలికలోంచి ఒక ముక్కు కొన బయటికొచ్చి, ఖాళీగా తెరుచుకుని మూసుకుంది. బతికే ఉంది. కానీ ఆకలి మీద ఉంది. మైకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వెలుగు పలచబడుతుండగా గాలి ఊదినట్టు రెక్కల చప్పుడు. మగపిట్ట దూరపు చెట్టు మీద వాలి ఇటూ అటూ చూసింది. మైకు కడుపులోంచి కేక లేచి గొంతు దాకా వచ్చింది. అత్త నోట్లోంచి రుమాలు జారిపోయింది, పెదాలు విచ్చుకుంటున్నాయి. మైకు ఒక చేత్తో అత్త నోరు, రెండో చేత్తో తన నోరు మూసేసి ఊపిరి బిగబట్టింది.

పిట్ట తొర్ర దగ్గరికి వచ్చి వేలాడింది. గొంతులోంచి ఒక్కో పండే తీసి చీలికలోకి అందిస్తోంది. లోపల్నించి పిల్ల గొంతు, తలుపు కీచుమన్నంత సన్నగా. హోరులో పుట్టి పెరిగిన ఆ ఇద్దరూ అంత చిన్న చప్పుడు ఎప్పుడూ వినలేదు.

తిరిగి వంతెన మీదికొచ్చాక గానీ అత్త నోరు విప్పలేదు. విప్పిందంటే విప్పింది. "ఎంత ముక్కే దానికి! మీ మామగారిది నయం!" హోరుకు పోటీగా అరిచి, కమ్మీ పట్టుకుని పడీపడీ నవ్వింది.

పొద్దున్నే మైకు బూట్ల తాళ్ళు బిగించుకుంది. దుర్భిణి మెడలో వేసుకుంది.

"టీ తాగి వెళ్ళవే! టోపీ పెట్టుకున్నావా?" వంటింట్లోంచి కేకలు మొదలయ్యాయి. "ఆ పిట్టని నేనడిగానని చెప్పు!"

అత్త గుమ్మం దాకా వచ్చింది. మైకు ఆమె వైపు చూసి నవ్వింది. తలుపు గడియ చప్పుడు కాకుండా తీసి, మాట మాట్లాడకుండా, పెదాలు బిగించుకుని బయటికి నడిచింది.