వసపిట్ట చెప్పిన జవాబు

అది కాదే అమ్మడూ, నోరు జారిన మాట వెనక్కి రాదని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. చెబుతాను, రాసుకో.

ఆమెను వీధంతా వసపిట్ట అనేవారు. నోట్లో నువ్వుగింజ నానదు. ఒక్కడే కొడుకు. బేకరీలో బట్టీ దగ్గర పని. యజమాని బేకరీకి తాళం వేసి ఎటో పోతే, పనివాళ్ళే తలుపు తీసి నడుపుకున్నారు. పిండి పిసికేవాడూ, బట్టీ దగ్గర మాడేవాడూ, ఊడ్చే మనిషీ, అందరి మాటకీ ఒకటే విలువ. పైన మేస్త్రీ అన్నవాడే లేడు. రొట్టె మాత్రం ఎప్పట్లాగే పొంగింది. యజమాని తిరిగొచ్చాడు, వెంట పోలీసులను తెచ్చాడు. ముందుండి నడిపించాడని ఆమె కొడుకును పట్టుకుపోయారు.

వసపిట్ట పడుతూ లేస్తూ స్టేషనుకు వెళ్ళింది. అధికారి కుర్చీ చూపించి, మెత్తగానే అడిగాడు.

"మీవాడు అరాచకవాదేనా, అమ్మా?"

ఆమెకు తెలిసిన అరాచకం ఇంట్లోదే. వాడి చిన్నప్పటి అల్లరి చెప్పి నవ్విస్తే అధికారి మనసు కరుగుతుందనుకుంది.

"వాడి అరాచకం ఇంతా అంతానా బాబూ. పాలగిన్నెలో చెప్పు వేశాడు. వాళ్ళ నాన్న నిద్రపోతుంటే సగం మీసం కత్తిరించేశాడు. బళ్ళో పంతులుగారి కుర్చీ ఎత్తుకెళ్ళి బయట పారేశాడు. ఎవరి మాటా వినడు."

"ఎవరి మాటా?"

"దేవుడు దిగొచ్చినా వినడు."

అధికారి నవ్వలేదు. "కన్నతల్లే చెప్పాక ఇంకేం కావాలి" అన్నాడు పక్కవాడితో.

కొడుకును దూరపు జైలుకు పంపేశారు. తల్లి మాటే సాక్ష్యమైందని విని బేకరీ ఊడ్చే ఆవిడ వచ్చి గుమ్మంలో కూలబడింది.

"ఎంత పని చేశావక్కా. అరాచకవాది అంటే అర్థం తెలుసా నీకు?"

"అల్లరోడనేగా?"

"పోలీసుల లెక్కలో కొంపలు తగలెట్టేవాడని. మనవాడి లెక్క వేరు. ఒకడి మీద ఇంకొకడి పెత్తనం వద్దనేవాడని."

వసపిట్టకు ఇంట్లో కొడుకు తీరు గుర్తొచ్చింది. తిన్న కంచం వాడే కడుక్కునేవాడు. తల్లి కూర్చోందే ముద్ద ఎత్తేవాడు కాదు. వడ్డించబోతే "నీకు నేనేమన్నా దొరనా" అనేవాడు.

"అయితే వాడు అదే" అంది. "నేను చెప్పింది నిజమేనన్నమాట. అర్థం తెలిసుంటే అబద్ధం చెప్పేదాన్ని."

కొడుకు తిరిగి రాలేదు. జైల్లో జ్వరమొచ్చి పోయాడని కబురొచ్చింది. వసపిట్ట నోరు ఆ రోజే మూతపడింది. వీధిలో ఏ తల్లయినా పిల్లల్ని "ఏంట్రా ఈ అరాచకం" అని కసిరితే, లేచి తలుపు వేసుకునేది.

అంతేనే అమ్మడూ. మీ నాన్న ఊరి నుంచి వచ్చాక ఇది చదివి వినిపించు. పొద్దస్తమానం మీ తమ్ముణ్ణి ఆ మాటే అంటుంటాడు. కనీసం పదిమందిలో అనకుండా ఉంటాడేమో.